బెల్లం తప్పిపోయిన రాత్రి, ఇంకొన్ని పండగ సంగతులు

(దీపావళికి 9 రోజుల ముందు, ఆదివారం సాయంత్రం, బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తెలుగు కుటుంబాల ముందు ఒక పశువైద్యురాలు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? పిల్లలూ, ఆ బెలూన్లు కాసేపు పక్కన పెట్టండి నాన్నా, ఒకటి పగిలిందంటే ఈ ముందు వరసలో కూర్చున్న నాలుగు కుక్కలూ నన్ను వదిలేసి లిఫ్ట్ దగ్గరికి పారిపోతాయి. (నవ్వులు)

నాది హిందూపురం. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను, ఈ ఊరొచ్చి 19 ఏళ్ళయింది, కాబట్టి మధ్యలో కన్నడం దొర్లితే సర్దుకోండి. సెక్రటరీ గారు బోర్డు మీద 'పండగలు – పెంపుడు జంతువుల సంరక్షణ' అని పెద్ద పేరు రాశారు గానీ నేను అంత పెద్దగా ఏం మాట్లాడను. వారం పైన టైముంది, ఈ వారంలో మీరు ఇంట్లో చేసుకోగలిగిన పనులు చెప్తాను. ఎందుకంటే పండగ రాత్రి 9 గంటలకి ఫోన్ చేసి "డాక్టర్, మంచం కింద దూరి వణికిపోతోంది, ఏం చెయ్యమంటారు" అని అడిగితే, అప్పటికి నా చేతిలో కూడా పెద్దగా ఏమీ ఉండదు.

ముందు నా తప్పు చెప్పుకుంటాను, తర్వాత మీకు చెప్పే అర్హత వస్తుంది.

2017 దీపావళి. ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ ఏడు ఈ ఊళ్ళో వానలు దంచికొట్టాయి. నరక చతుర్దశి పొద్దున ఇంట్లో అందరికీ తలంట్లు. మా బెల్లానికి కూడా. బెల్లం అంటే మా కుక్క, వీధి కుక్కే, పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాం, ముదురు బెల్లం రంగులో ఉంటుందని ఆ పేరు. దానికీ స్నానం చేయించి, కాలర్ తడిసిందని విప్పి పెరట్లో కుళాయికి తగిలించాను, ఆరాక వేద్దామని. సాయంత్రానికి ఆ సంగతే మర్చిపోయాను. ఏడున్నరకి మా ఆడపడుచు వాళ్ళు బాదుషాల డబ్బా పట్టుకుని వచ్చారు, నేను తలుపు తీశాను, సరిగ్గా అప్పుడే గేటు ముందు ఎవరో లక్ష్మీ బాంబు పేల్చారు. అంతే, నా కాళ్ళ పక్కనుంచి దూసుకుపోయింది. నేను మెట్లు దిగేసరికి వీధిలో లేదు.

రెండు రాత్రులు తిరిగాం. హూడి, గరుడాచార్‌పాళ్య, రైలు పట్టాల పక్కన, అన్నీ. అర్ధరాత్రి నేనూ మా ఆయనా "బెల్లం! బెల్లం!" అని అరుచుకుంటూ వెళ్తుంటే ఒక అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ పెద్దాయన బయటికొచ్చి, పాపం చాలా మర్యాదగా, "బెల్ల బేకా మేడం? అంగడి క్లోజ్ ఆగిదె" అన్నాడు. బెల్లం కావాలా, కొట్టు మూసేశారు అని. (నవ్వులు) ఇప్పుడు నవ్వొస్తోంది. అప్పుడు రోడ్డు మీదే ఏడ్చాను.

మూడో రోజు పొద్దున పూలమ్మే ఒకావిడకి ఒక టెంపో కింద కనపడింది. ఆవిడ చెప్పిన మాట నేను మర్చిపోలేను: "మెడలో ఏమీ లేదమ్మా, వీధి కుక్కే అనుకున్నా, కానీ ఒళ్ళంతా షాంపూ వాసనొస్తోంది." ఆ అనుమానంతోనే పక్కన టీ కొట్లో మేము అంటించిన జిరాక్స్ ఫోటో చూసి ఫోన్ చేసింది. రోజూ పదిమందికి కాలర్ తియ్యకండి అని చెప్పే మనిషిని నేను. నా కుక్కని కాపాడింది నా చదువు కాదు, అయిదు రూపాయల షాంపూ ప్యాకెట్.

అందుకని నా మొదటి మాట బాంబుల గురించి కాదండీ, తలుపు గురించి. పండగ రోజుల్లో మన తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? చుట్టాలు, పక్కింటి పిల్లలు, స్వీట్లు ఇచ్చేవాళ్ళు, డెలివరీ బాయ్, దీపాలు పెట్టడానికి గుమ్మం బయటికి మనమే పది సార్లు. మీరు లోపల ఎంత జాగ్రత్తగా ఉన్నా కొత్తగా వచ్చిన చుట్టానికి తెలీదు, తలుపు బార్లా తీసి చెప్పులు విప్పుకుంటూ అక్కడే నిలబడి మాట్లాడతారు. మా ఇంట్లో ఇప్పుడు రూల్ ఏంటంటే, సాయంత్రం 5 తర్వాత వీధి తలుపు తియ్యాలంటే ముందు బెల్లం ఉన్న గది తలుపు వేసి ఉందా లేదా చూడాలి. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉండకూడదు. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళు లిఫ్ట్ కూడా గుర్తుపెట్టుకోండి, భయపడిన కుక్క లిఫ్టులో దూరి బేస్‌మెంటుకి పోతే, అక్కడ గేటు తెరిచి ఉంటే, అయిపోయినట్టే.

కాలర్ ఎప్పుడూ ఉండాలి, దాని మీద మీ ఫోన్ నంబరు ఉండాలి. పేరు లేకపోయినా ఫరవాలేదు, నంబరు ముఖ్యం. నడకకి తీసుకెళ్ళేటప్పుడు ఈ పది రోజులూ కాలర్ ఒక్కటే చాలదు, బెదిరిన కుక్క వెనక్కి లాగితే తల లోంచి జారిపోతుంది, ఛాతీకి వేసే హార్నెస్ కూడా కావాలి. మైక్రోచిప్ చాలామంది జీపీఎస్ అనుకుంటున్నారు. కాదు. బియ్యపు గింజంత ఉంటుంది, చర్మం కింద వేస్తాం, స్కానర్ పెడితే 15 అంకెల నంబరు చూపిస్తుంది, అంతే. ఆ నంబరుకి మీ ఫోన్ జతచేసి రిజిస్టర్ చేయించకపోతే అది ఉన్నా లేనట్టే. ఇల్లు మారి ఫోన్ మార్చినవాళ్ళు ముఖ్యంగా చూసుకోండి.

సరే, చప్పుడు. మనకి 20,000 హెర్ట్జ్ దాకా వినపడుతుంది. కుక్కకి దాదాపు 45,000 దాకా, పిల్లికి ఇంకా పైకి, 60,000 దాటి. రాకెట్ లేచేటప్పుడు వచ్చే ఆ సన్నటి ఈల మనకి సరదా, దానికి అందులో మనకి వినపడనిది కూడా వినపడుతుంది. పైగా మనకి ఇవాళ దీపావళి అని తెలుసు. దానికి క్యాలెండర్ లేదు కదా. నిన్నటిదాకా మామూలుగా ఉన్న వీధి ఒక్కసారిగా యుద్ధంలా ఎందుకు మారిందో దానికి ఎవరు చెప్తారు?

చట్టం సంగతి కూడా ఒక ముక్క చెప్పి వదిలేస్తాను. 2018లో సుప్రీంకోర్టు దీపావళి రోజు రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని చెప్పింది. అంతకుముందు నుంచే టపాకాయకి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదని రూల్ ఉంది. గ్రీన్ క్రాకర్స్ అని కొంటున్నారు, మంచిదే, పొగ తగ్గుతుంది, కానీ గ్రీన్ అంటే చప్పుడు లేనిది అని అర్థం కాదు. ఎనిమిదికి మొదలై పదికి ఆగిన దీపావళి మీరెవరైనా చూశారా ఈ ఊళ్ళో? (నవ్వులు) నేనూ చూడలేదు. కాబట్టి మన ఏర్పాటు మనం చేసుకోవాలి.

ఇంట్లో వీధి వైపు కిటికీ లేని గది ఏదో చూడండి. చాలా ఫ్లాట్లలో అది స్టోరు రూమో, లోపలి బెడ్రూం బాత్రూమో అవుతుంది. ఇవాళే అక్కడ దాని దుప్పటి, నీళ్ళ గిన్నె పెట్టి, రోజూ కాసేపు అక్కడే ఏదైనా ఇష్టమైంది తినిపించండి. పండగ నాడు మొదటిసారి తీసుకెళ్ళి గడియ పెడితే దానికి అది జైలు. కర్టెన్లు వేసి, ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి, టీవీ ఏదో ఒకటి మోగనివ్వండి. నడక, ఒకటీ రెండూ అన్నీ 5 లోపల అయిపోవాలి, అన్నం కూడా తొందరగా పెట్టేయండి, చప్పుడు మొదలయ్యాక తినదు. దాక్కుంటే దాక్కోనివ్వండి, మంచం కింద నుంచి కాళ్ళు పట్టుకుని లాగకండి, అప్పుడే కరుస్తుంది, మంచి కుక్క కూడా. కరిస్తే 15 నిమిషాలు కుళాయి కింద సబ్బుతో కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి, మన కుక్కే కదా అని కూర్చోకూడదు.

యూట్యూబులో టపాకాయల చప్పుడు చిన్నగా పెట్టి అలవాటు చెయ్యొచ్చట కదా అని ఈ వారం ఎంతమంది అడిగారో. చెయ్యొచ్చు. కానీ అది నెలల పని. వారంలో చేస్తే ఉన్న భయం పెరుగుతుంది. ఈ దీపావళికి వదిలేయండి, వచ్చే దీపావళికి సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టండి.

బాగా భయపడే వాటికి మందులున్నాయి. మత్తు కాదు, ఆందోళన తగ్గించేవి. ట్రాజొడోన్, గాబాపెంటిన్ లాంటివి మేము దాని బరువు, గుండె, కిడ్నీ చూసి రాస్తాం. అసలు పండగకి ముందే, ఏ గొడవా లేని రోజు ఒక మోతాదు వేసి చూడాలి, ఎందుకంటే ఒక్కో కుక్క మీద ఒక్కోలా పనిచేస్తుంది. పాత రోజుల్లో ఏస్‌ప్రొమజీన్ ఒక్కటే ఇచ్చేవాళ్ళు, ఇప్పటికీ కొందరు మందుల షాపులో అడిగి తెచ్చుకుంటున్నారు. దాంతో కుక్క కదలకుండా పడుకుంటుంది, మీరు అబ్బ నిద్రపోయింది అనుకుంటారు. లోపల భయం అలాగే ఉంటుంది. కాళ్ళు చేతులు కట్టేసి బాంబుల మధ్య కూర్చోబెట్టినట్టు. వద్దు. ఇంట్లో ఉన్న మీ మాత్రలు అసలే వద్దు. మనుషుల గాబాపెంటిన్ సిరప్‌లు కొన్నింట్లో జైలిటాల్ ఉంటుంది, అది కుక్కకి విషం, రక్తంలో చక్కెర ఢామ్మని పడిపోతుంది. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండేది కూడా అదే. పిల్లికి పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి, దాన్ని అరాయించుకునే శక్తి పిల్లి లివర్‌కి లేదు. ఒళ్ళు వెచ్చగా ఉందని సగం మాత్ర వేశాం డాక్టర్ అని వస్తారు. ప్రేమగానే వేశారు, ఏం అనాలి వాళ్ళని?

తిండి దగ్గరికొస్తే ఇంకా ప్రేమ ఎక్కువ. (నవ్వులు) మీ ఆఫీసుల్లో ఇచ్చే దీపావళి గిఫ్ట్ బాక్స్ ఉంది చూశారా, బంగారు రంగు రిబ్బను, లోపల డ్రైఫ్రూట్స్, చాక్లెట్లు. కుక్క ఉన్న ఇంట్లో అది టీపాయ్ మీద పెట్టడం అంటే ఎలకల మందు పెట్టినంత పని. ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలు పాడుచేస్తుంది, ఎంత తింటే ప్రమాదం అని గీత గీసి చెప్పలేం, ఒకటి గుప్పెడు తిని తిరుగుతుంది, ఇంకోటి కొద్దిగా తిన్నా పడిపోతుంది. కేసరిలో, పరమాన్నంలో వేసినా అంతే. అందులోని టార్టారిక్ ఆమ్లమే కారణమని ఇప్పుడు గట్టిగా అనుమానిస్తున్నారు. ఆ ఆమ్లం ఇంకెందులో దండిగా ఉంటుందో తెలుసా? చింతపండులో. కాబట్టి పులిహోర కూడా పెట్టకండి. తెలుగువాళ్ళ సభలో పులిహోర వద్దన్నందుకు నన్ను క్షమించాలి.

చాక్లెట్‌లో థియోబ్రోమిన్ అని ఉంటుంది. నలుపు ఎంత ఎక్కువైతే అంత ప్రమాదం, డార్క్ చాక్లెట్, కోకో పౌడర్ అన్నిటికంటే చెడ్డవి. 5 కిలోల పొమేరియన్ 50 గ్రాముల డార్క్ చాక్లెట్ బార్ మొత్తం తినేసిందంటే గుండె దడ, వణుకు, ఫిట్స్ దాకా పోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి వండినా పచ్చివైనా ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి, పిల్లికి మరీ. గమ్మత్తేంటంటే ఆ రోజు ఏమీ కనపడదు, మూడు నాలుగు రోజుల తర్వాత నీరసం, చిగుళ్ళు తెల్లబడటం, మూత్రం రంగు మారడం. అప్పటికి మీకు పకోడీ సంగతి గుర్తు కూడా ఉండదు. బిర్యానీలో ఎముక ఉడికిపోయి ఉంటుంది, నమిలితే సూదుల్లా చీలుతుంది.

"మా ఊళ్ళో కుక్క అన్నీ తినేది, ఏమీ కాలేదు" అని ఒకరు ఇప్పుడు మనసులో అనుకుంటున్నారు, నాకు తెలుసు. మా ఊళ్ళో కూడా తినేది. ఒకరోజు కనపడకుండా పోయేది, ఎందుకు పోయిందో మనం చూశామా? ఇంకోటి వచ్చేది, దానికీ రాజా అనే పేరు పెట్టుకునేవాళ్ళం.

ఏదైనా తిన్నదని తెలిస్తే ఉప్పునీళ్ళు పోసి కక్కించకండి. ఉప్పు ఎక్కువై అదే చంపుతుంది. తిన్నదాని రేపరో, మిగిలిన ముక్కో చేత్తో పట్టుకుని, ముందు ఫోన్ చేసి, బయల్దేరండి. మొదటి గంటా రెండు గంటల్లో వస్తే చాలా చెయ్యగలం. ఇంకా ఏమీ లేదు కదా చూద్దాం అని తెల్లారేదాకా ఆగితే కష్టం.

ఇక ఎవరూ చెప్పని చోటు, పూజ గది. కర్పూరం. తెల్లగా బిళ్ళల్లా ఉంటుంది, నేల మీద పళ్ళెంలో వదిలేస్తాం. మింగితే ఫిట్స్ వస్తాయి, కుక్కకైనా పిల్లికైనా. గన్నేరు పూలు దేవుడికి పెట్టి, వాడిపోయాక బాల్కనీలో బుట్టలో పడేస్తాం. ఎర్ర గన్నేరు గానీ పచ్చ గన్నేరు గానీ ఆకు, పువ్వు, కాయ అన్నీ గుండెని పట్టేసే విషమే. పిల్లులున్న ఇంటికి లిల్లీ పూల బొకే రానివ్వకండి, ఒంటి మీద రాలిన పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. మన దండల్లో గుచ్చే లిల్లీ, అంటే సుగంధరాజ అని ఇక్కడ అమ్మేది, అది వేరే జాతి, దాని గురించి కాదు నేను చెప్పేది, పెద్ద రేకుల బొకే లిల్లీలు.

ఆ దండ దారం మాత్రం నాకు బాగా తెలిసిన శత్రువు. పోయిన దసరాకి ఒక పిల్లి వచ్చింది, మూడు రోజులుగా వాంతులు. నోరు తెరిచి చూస్తే నాలుక కింద చుట్టుకుని ఒక దారం, మిగతాది లోపలికి. చామంతి దండ దారం. దారం ఒక చివర బిగుసుకుని ఉంటే పేగు దాని మీద కుచ్చిళ్ళలా ముడుచుకుపోయి, కోసుకుపోతుంది. ఆపరేషన్ చేశాం, బతికింది. మీ పిల్లికి నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకండి. కత్తిరించకండి కూడా. అలాగే తీసుకురండి.

దీపాలు పిల్లి తోక ఎత్తులో పెట్టకండి, అంతే. కాలితే చల్లటి కుళాయి నీళ్ళు పొయ్యండి. పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్టు వద్దు.

(సభలోంచి ఒక పెద్దాయన: "డాక్టరమ్మా, మా నాన్నగారు దీపావళికి మా కుక్కకి ఒక స్పూను బ్రాందీ పోసేవారు, హాయిగా పడుకునేది...")

హాయిగా ఆయన పడుకున్నారేమో సార్, కుక్క కాదు. (నవ్వులు) వద్దండీ. మనకి స్పూను, పది కిలోల ప్రాణికి అది స్పూను కాదు. ఊపిరి మందగిస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది. డిసెంబరు 31 రాత్రి ఈ ఊళ్ళో కుక్కకి బీరు పోసి వీడియో తీస్తారు, పొద్దున మా దగ్గరికి వస్తారు. క్రిస్మస్ ప్లమ్ కేకులో అయితే రమ్ము, ఎండుద్రాక్ష రెండూ కలిపి ఉంటాయి, ఇంక చెప్పేదేముంది.

(ఒకావిడ: "భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం ఇంకా అలవాటవుతుందంటారు, నిజమేనా మేడం?")

ఎవరు చెప్పారమ్మా? కాదు. భయం అనేది మనం నేర్పిస్తే వచ్చేది కాదు, లాలిస్తే పెరిగేదీ కాదు. మీ ఒళ్ళోకి వస్తే కూర్చోబెట్టుకోండి. పాత చున్నీ ఛాతీ చుట్టూ కొంచెం బిగుతుగా కడితే కొన్ని కుక్కలు నెమ్మదిస్తాయి, కొన్ని ఇంకా కంగారు పడతాయి, కట్టి చూడండి, నచ్చకపోతే తీసెయ్యండి.

(ఒక అబ్బాయి: "మేము సంక్రాంతికి విజయవాడ వెళ్తాం, ట్రైన్లో తీసుకెళ్ళొచ్చా?")

ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీకే బుక్ అయితే వెంట తీసుకెళ్ళొచ్చు. లేకపోతే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల పెట్టె. ఆ ఇనప పెట్టెలో రాత్రంతా, నేనైతే పెట్టను. బోర్డింగులో వదిలేవాళ్ళు ఇప్పుడే వెళ్ళి చూసి రండి, ఫోటోలు చూసి కాదు. రాత్రి అక్కడ మనిషి ఉంటాడా అని అడగండి. టీకా వేసిన రోజే రక్షణ రాదు, రెండు వారాలు పడుతుంది, బయల్దేరే ముందు రోజు వేయించి సర్టిఫికెట్ చూపిస్తే కాగితానికి పనికొస్తుంది, కుక్కకి కాదు. పేల మందు కూడా వేయించండి, ఈ ఊళ్ళో పేల వల్ల వచ్చే టిక్ ఫీవర్ మామూలుగా లేదు. సంక్రాంతి అన్నారు కాబట్టి ఇంకోటి, గాజు పొడి మాంజా వాడకండి. దారానికి చిక్కి రెక్క తెగిన గద్ద కనపడితే కెంగేరి దగ్గర పీపుల్ ఫర్ యానిమల్స్ వాళ్ళ వన్యప్రాణి ఆస్పత్రి ఉంది, అట్టపెట్టెలో పెట్టి మూత వేసి తీసుకెళ్ళండి, నీళ్ళు తాగించకండి.

వీధి కుక్కల గురించి కమిటీ వాళ్ళకి ఒక మాట. ఆ రాత్రి అవి బేస్‌మెంటులోకి వస్తే కర్రతో తరమకండి, ఒక మూల నీళ్ళ గిన్నె పెట్టించండి. 2023 ఏబీసీ రూల్స్, అంటే జంతువుల సంతాన నియంత్రణ నియమాల ప్రకారం వాటికి తిండి పెట్టే చోటు చూపించాల్సింది కూడా నివాసుల సంఘమే. పొద్దున కారు తీసేటప్పుడు బానెట్ మీద రెండు సార్లు కొట్టండి, పిల్లి పిల్లలు ఇంజన్ వెచ్చదనానికి దూరతాయి. తోకకి సీమటపాకాయల దండ కట్టేవాళ్ళు మీ కాంప్లెక్సులో ఉండరనుకుంటున్నాను. ఉంటే అది అల్లరి కాదు, నేరం. జంతువుని చంపినా అవిటిని చేసినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద అయిదేళ్ళ దాకా జైలు. పిల్లలకి ఈ సంగతి మీరే చెప్పండి.

రాత్రి తెరిచి ఉండే పశువుల ఆస్పత్రి మీకు ఏది దగ్గరో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి, పండగ రాత్రి డాక్టర్ ఉంటారా అని కూడా. మేము కూడా మనుషులమే, చాలా క్లినిక్‌లు మూసి ఉంటాయి. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఫిట్స్ వస్తున్న కుక్కని ఒళ్ళో పెట్టుకుని గూగుల్‌లో వెతకడం ఎలా ఉంటుందో నాకు ఫోన్ చేసినవాళ్ళు చెప్పారు.

(సభలోంచి: "బెల్లం ఇప్పుడెలా ఉంది మేడం?")

ఉందండీ, 11 దాటింది. చెవులు సరిగ్గా వినపడవు ఇప్పుడు. పోయిన దీపావళికి వీధంతా మోగిపోతుంటే గుమ్మం దగ్గర వెల్లకిలా పడుకుని గురక పెట్టింది. నేను మాత్రం లేచి కాలర్ ఉందా అని రెండు సార్లు చూసుకున్నాను.

స్కానర్ తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది. చిప్ ఉందనుకునేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నంబరు వస్తోందో లేదో చూసుకోండి. పిల్లుల్ని బుట్టలోనే ఉంచండమ్మా, బయటికి తియ్యొద్దు. వెనక ఆ గాజు తలుపు ఎవరైనా వేస్తారా? ముందు ఆ తలుపు వెయ్యండి, తర్వాత లైను కడదాం.